యంత్ర దళారి ఎవరి పక్షము?

గత మాసము మన సంఘ సర్వసభ్య సమావేశము ముగిసిన పిమ్మట ఒక మిరప రైతు తన ఫోనును నా చేతికిచ్చి యిట్లడిగెను: “అయ్యా, ఇందులో నొక యాప్ వచ్చినది. నా యొద్ద ఎన్ని టిక్కీలున్నవో, ఏ ధరకు తక్కువైన నమ్మనో చెప్పినచో, అదియే కొనువారిని వెదకి, వారితో బేరమాడి, సరుకు నమ్మిపెట్టునట. కమీషను కూడ లేదట. దీనిని నమ్మవచ్చునా?”

చుట్టు నున్నవారందరు నా ముఖము వంక చూచిరి. పురుగునకు మందు చెప్పినట్లు దీనికిని ఒక్క మాటలో జవాబు చెప్పుదునని వారి తలంపు కాబోలు. ఆ దినమున నేను “తొందరపడి ఒప్పుకొనకుడు, సంచికలో వివరముగా వ్రాసెదను” అని మాత్రము చెప్పితిని. ఆ మాటను ఇప్పుడు చెల్లించుకొనుచున్నాను.

ఏజెంటనగా నెవరు?

దళారి మనకు క్రొత్తవాడు కాడు. మన సరుకును యార్డులో దింపించి, కొనువారిని పిలిచి, కాటా వేయించి, తన కమీషను మినహాయించుకొని మిగిలిన సొమ్ము మన చేతిలో పెట్టువాడు కమీషను ఏజెంటు. ఒకరి తరఫున పని చేయుటకుగాని, ఇతరులతోడి వ్యవహారములలో వారికి ప్రతినిధిగా నుండుటకుగాని నియమింపబడిన వ్యక్తియే ఏజెంటని 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 182వ సెక్షనులో నిర్వచించినది.

ఈ పనినే మనుష్యునకు బదులు కంప్యూటరులోని యొక ప్రోగ్రాము చేసినయెడల దానిని సాఫ్ట్‌వేర్ ఏజెంటందురు. లెక్కలు కట్టు యంత్రము మనము మీట నొక్కినప్పుడే పని చేయును. ఏజెంటట్లు కాదు. దానికొక పని అప్పగించి, కొన్ని హద్దులు చెప్పి విడిచిన చాలును. మనము నిద్రించుచున్నను అది పది అంగళ్ల ధరలు చూచును. మారిన ధరను బట్టి తన బేరము మార్చుకొనును. మన యనుమతి యున్నచో కొనును, అమ్మును. ఈ వ్యాసములో దానిని యంత్ర దళారి యని పిలిచెదను.

ఇది ముప్పది యేండ్ల సంగతి

1995లో అమెరికాలో ఆండర్సన్ కన్సల్టింగ్ అను సంస్థవారు “బార్గెయిన్ ఫైండర్” అను ప్రోగ్రామును ప్రయోగార్థము ఇంటర్నెట్టులో నుంచిరి. పాటల సి.డి. పేరు చెప్పినచో అది పలు దుకాణములలో ధర విచారించి, ఎచ్చట చవుకయో చెప్పెడిది. కొనువారికిది మేలే. కాని కొందరు దుకాణదారులు దానిని లోనికి రానీయక తలుపు మూసికొనిరి. ధర యొక్కటియే చూచి బేరము తేల్చినయెడల తక్కిన మంచి చెడ్డలకు విలువ యేమున్నదని వారి బాధ. ఆ తగవు నేటికిని తీరలేదు. కొనువారి తరఫున తన దుకాణములోనికి వచ్చి సరుకులు కొనుచున్న పెర్ప్లెక్సిటీ సంస్థవారి యంత్ర దళారిపై అమెజాన్ సంస్థ 2025 నవంబరులో దావా వేసినది.

రెండవ యుదాహరణము ఈబే అను వేలముశాల. అచ్చట కొనువాడు కంప్యూటరు ముందు కూర్చుండి పాట పాడనక్కరలేదు. తాను చెల్లింపగల గరిష్ఠ ధరను ఒక్కసారి వ్రాసిన చాలును. యంత్రము ఎదుటివాని పాటను మించుటకు ఎంత యవసరమో అంతయే పెంచుచు పోవును. మీ హద్దు 500, ఎదుటివాని హద్దు 430, పాట మెట్టు 10 అనుకొందము. సరుకు మీకు 440కే దక్కును; 500 చెల్లింపనక్కరలేదు. ఎంత చక్కని యేర్పాటు! అయితే ఒక్క సంగతి గమనింపుడు. మీ హద్దు 500 అను రహస్యము తక్కిన పాటదారులకు తెలియదుగాని, వేలముశాలవానికి తెలియును. ఆ రహస్యమును వాడు నిజాయితీగా కాపాడినంతవరకే యీ పద్ధతి మేలు.

మూడవది మనకు మిక్కిలి పనికివచ్చునది. 1996లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున ఆంథొనీ చావెజ్, పాటీ మేస్ అను పరిశోధకులు “కస్బా” అను నొక యంత్రపు సంతను నిర్మించిరి. అందులో అమ్మువాడు తన యంత్రమునకు మూడు సంగతులు చెప్పవలెను: కోరు ధర, అంతకు దిగరాని కనిష్ఠ ధర, అమ్మవలసిన గడువు. ధర ఎట్లు తగ్గించుచు పోవలెనో దానికిని మూడు తీరులుండెను. మన మిరపకు దీనిని అన్వయించి చూతము. లెక్క కొరకు మాత్రమే కోరు ధర క్వింటాలుకు 15,000 రూపాయలు, కనిష్ఠ ధర 13,000, గడువు 10 దినములు అనుకొందము. మొదటి తీరు యంత్రము దినమునకు 200 చొప్పున తగ్గించుచు అయిదవ దినము ముగియునప్పటికి 14,000కు వచ్చును. రెండవ తీరు యంత్రము నిదానముగా దిగి ఆనాటికి 14,500 దగ్గర నుండును. మూడవది గట్టిపిండము, అయిదు దినములు గడచినను 14,750 దగ్గరనే నిలిచి, గడువు సమీపించినప్పుడు మాత్రమే వేగముగా దిగును.

ఇందులోని నీతి రైతునకు వేరుగ చెప్పనేల? అప్పు వాయిదా మీదికి వచ్చినవాడు మొదటి తీరున దిగును. శీతల గిడ్డంగిలో సరుకుంచుకొని, రసీదుపై కొంత సొమ్ము తెచ్చుకొన్నవాడు మూడవ తీరున నిలువగలడు. యంత్రము ఎంత తెలివిగలదైనను గడువును అది కల్పింపలేదు. గడువు మన చేతిలో నుండవలెను.

తువాలు క్రింది వ్రేళ్లు

నా చిన్నతనమున మా తండ్రిగారితో పశువుల సంతకు పోయినప్పుడు, దళారులిద్దరు చేతులపై తువాలు కప్పి, దాని క్రింద ఒకరి వ్రేళ్లొకరు పట్టుకొని బేరమాడుట చూచితిని. ఎద్దు మాది, ధర మాత్రము మాకు కనబడలేదు. బేరము కుదిరిన పిదప మా దళారి చెప్పినదే ధర. తువాలు క్రింద ఎంత పలికినదో, పైన మాకెంత చెప్పెనో ఆ దేవునకే తెలియవలెను.

ఇట్టి చాటుమాటు బేరములు పోయి క్రయవిక్రయములు న్యాయముగా జరుగవలెనని మన పెద్దలు చాల శ్రమపడిరి. నైజాము ప్రాంతమున 1930లోను, మద్రాసు రాజధానిలో 1933లోను మార్కెట్టు చట్టములు వచ్చినవి. తరువాత బహిరంగ వేలములు, మార్కెట్టు కమిటీలు, సరిచూచిన కాటాలు ఏర్పడినవి. 2016 ఏప్రిల్ 14వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఇ-నామ్ అను జాతీయ వ్యవసాయ మార్కెట్టును ప్రారంభించినది. అందులో వర్తకులు యార్డులోని సరుకునకు కంప్యూటరు ద్వారా ధర వేయుదురు. ఏ లాటునకు ఎక్కువ ధర వచ్చినదో తెలిసిన తరువాత ఇష్టమైనచో రైతు ఇచ్చును, లేనిచో మానును. ఇది ఎలక్ట్రానిక్ వ్యాపారమేగాని యంత్ర దళారి కాదు. ధర వేయువాడును, ఒప్పుకొనువాడును మనుష్యులే.

ఇప్పుడు మన సభ్యుని ఫోనులోని యాప్ సంగతి చూడుడు. అందులో రైతు యంత్రమును, వర్తకుని యంత్రమును లోలోపల బేరమాడుకొనును. మనకు కనబడునది తుది ధర మాత్రమే. రైతు మొట్టమొదటనే తన కనిష్ఠ ధరను దానికి చెప్పివేయుచున్నాడు. ఆ యాప్ నడపువానికి జీతమిచ్చువాడు వర్తకుడైనచో, మన హద్దు ఎదుటివానికి ముందే తెలిసినట్లే గదా! తెలిసిన పిదప 13,000కు మించి ఒక్క రూపాయి యేల యిచ్చును? బేరము మరల తువాలు క్రిందికి పోయినది. వ్రేళ్లు మాత్రము మారినవి. కమీషను లేదన్న మాట విని సంతోషింపరాదు. ఊరక రారు మహానుభావులని మన పెద్దలు చెప్పలేదా? మన యొద్ద తీసికొననివాడు మరియొకరి యొద్ద తీసికొనుచుండవచ్చును. ఆ మరియొకరెవరో తెలిసికొనుటయే మన మొదటి పని.

యంత్రము పొరబడిన విధములు

యంత్ర దళారి ద్రోహము చేయకున్నను, తెలివితక్కువ పని చేయవచ్చును. అందులకు కొన్ని నిదర్శనములు.

2011లో అమెజాన్ దుకాణమున ఈగల పెరుగుదలను గూర్చి పీటర్ లారెన్స్ అను శాస్త్రజ్ఞుడు వ్రాసిన పాత గ్రంథమును ఇద్దరు వర్తకులు అమ్మకమునకు పెట్టిరి. ఒకని యంత్రము ఎదుటివాని ధరలో 0.9983 వంతు, అనగా రవంత తక్కువగా, తన ధర నుంచును. రెండవవాని యంత్రము ఎదుటివాని ధరకు సుమారు 1.27 రెట్లుంచును. ఒకటి ఎక్కిన కొలది రెండవది ఎక్కెను. మైకేల్ ఐసెన్ అను జీవశాస్త్రజ్ఞుడు ఈ వింతను కనిపెట్టి దినదినము వ్రాసికొనెను. ఆ యేటి ఏప్రిల్ 18వ తేదీనాటికి ఆ యొక్క పుస్తకము ధర 2,36,98,655 డాలర్ల 93 సెంట్లాయెను! ఎవరో గమనించిన తరువాత అది నూరు డాలర్ల చిల్లరకు దిగినది. రెండు యంత్రములును చెప్పినట్లే చేసినవి. “ఇంతకు మించకుము” అను నొక్క మాట చెప్పనివారిదే తప్పు.

2015లో అమెరికాలో పోస్టర్లమ్ము నొక వర్తకుడు, పోటీ వర్తకులతో ధరలు కుమ్మక్కు చేసికొని, ఆ యొప్పందము ప్రకారము ధరలు నిలుపునట్లు యంత్రమునకు నేర్పినందుకు నేరము నొప్పుకొనవలసివచ్చెను. వేలములో వర్తకులు కూడబలుకుకొని ధర పెరుగనీయకుండుట మనమెరిగినదే. ఆ పనిని యంత్రముచే కూడ చేయింపవచ్చునని దీనివలన తెలియుచున్నది.

2025లో ఆంత్రొపిక్ అను సంస్థవారు తమ కార్యాలయములోని చిన్న యంగడిని సుమారొక నెల దినములు తమ యంత్రము చేతికే విడిచి చూచిరి. అది సరుకు తెప్పించుట, ధర నిర్ణయించుట నేర్చినదిగాని, అడిగినవారికెల్ల తగ్గింపులిచ్చి, లోహపు దిమ్మెలను కొన్న ధరకంటె తక్కువకు అమ్మి నష్టపడెను. మెత్తని మాటకు లొంగిపోవు గుమాస్తాను గల్లాపెట్టె ముందు కూర్చుండబెట్టినట్లే. అదే సంవత్సరము మైక్రోసాఫ్ట్ పరిశోధకులు యంత్ర దళారుల సంతను కల్పించి చూడగా, అవి తక్కిన బేరములకు వేచియుండక, మొదట వచ్చినదానికే మిక్కిలి మొగ్గు చూపినవి. ఉదయము వచ్చిన మొదటి వర్తకునకే సరుకిచ్చు తొందర రైతు ఎట్లుండునో అట్లే.

తప్పునకు బాధ్యు లెవరు?

యంత్రము చేసిన తప్పునకు యంత్రము జరిమానా కట్టదు. 2022లో కెనడాలో నొక విమాన సంస్థవారి యంత్రము ప్రయాణికునకు టిక్కెట్టు రాయితీని గూర్చి తప్పు సమాచార మిచ్చెను. ఆ యంత్రము చేసినదానికి అదియే బాధ్యమని సంస్థవారు వాదించిరి. న్యాయాధికారి 2024లో ఆ వాదమును త్రోసివేసి, సంస్థవారే పరిహారము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను.

ఈ కత్తి రెండు వైపుల తెగును. మన దేశములో 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 11వ సెక్షను ప్రకారము, ఒకరు తమ తరఫున స్వయముగా పని చేయునట్లు ఏర్పరచిన యంత్రము పంపిన సందేశము వారు పంపినట్లే లెక్క. 2008 సవరణతో చేరిన 10-ఎ సెక్షను, ఎలక్ట్రానిక్ రూపమున కుదిరినదను కారణము మాత్రముచే ఒప్పందము చెల్లకపోదని చెప్పుచున్నది. కావున యంత్రము “ఇచ్చితిని” అన్న పిదప “నేననలేదు, ఫోను అన్నది” అని తప్పించుకొనుట సులభము కాదు.

మనుష్య ఏజెంటునకు కాంట్రాక్టు చట్టము కొన్ని ధర్మములు విధించినది. యజమాని చెప్పినట్లు నడువవలెను. అడిగినప్పుడు లెక్క చూపవలెను. చిక్కు వచ్చినప్పుడు యజమానినడుగుటకు శక్తికొలది ప్రయత్నింపవలెను. యజమానికి తెలుపకుండ ఆ వ్యవహారమున తన సొంత బేరము చేసికొనరాదు. ఇవి 211, 213, 214, 215 సెక్షనుల సారాంశము. యంత్రము చట్టము చెప్పిన వ్యక్తి కాదు గనుక ఈ ధర్మములను దానిపై మోపలేము. దానిని నడపువానిని వ్రాతమూలకముగా కట్టివేయుటయే దారి. లేనిచో కంచె చేను మేసిన కథయగును.

నా స్వానుభవము

ఒరుల తప్పులు చెప్పి నా తప్పు దాచుకొనుట న్యాయము కాదు. గత వేసవిలో కూరగాయల ప్రదర్శన మడికి డ్రిప్పు గొట్టము కావలసివచ్చెను. ఫోనులోని యొక సహాయక యంత్రముతో, “400 మీటర్ల డ్రిప్పు గొట్టము అందరికన్న చవుకగా ఎచ్చట దొరకునో చూచి తెప్పింపుము” అంటిని. అది నిమిషములలో వెదకి తెప్పించెను. చవుకయే. విప్పి చూచినప్పుడు గొట్టము 12 మిల్లీమీటర్లది. మా మడిలోని పాత గొట్టములు, జాయినర్లు 16 మిల్లీమీటర్లవి. ఒక్కటియు పట్టలేదు. త్రిప్పి పంపి వేరొకటి తెప్పించుకొనునప్పటికి పండ్రెండు దినములు గడచినవి. ఆ యెండలలో రెండు వరుసల వంగ మొక్కలు వడలిపోయినవి.

యంత్రమును తిట్టుకొంటిని. పిదప ఆలోచింపగా, ధర చెప్పితినిగాని కొలత చెప్పలేదు. మా పాలేరునే అంగడికి పంపియున్నచో, “అయ్యా, మన గొట్టము లావెంత?” అని తప్పక అడిగియుండును. వాడు మడి చూచినవాడు; యంత్రము చూడలేదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదన్న సామెత అందరెరిగినదే. చెప్పనిదే యంత్రము చేయదన్నది దానికి తోడు సామెత.

సభ్యులు గమనింపవలసినవి

1. యాప్ నడపువానికి సొమ్మెక్కడనుండి వచ్చుచున్నదో ముందు విచారింపుడు. జవాబు స్పష్టముగా రానియెడల దానిని విడిచిపెట్టుడు.

2. మీ కనిష్ఠ ధరను వర్తకుని సొమ్ముతో నడచు యంత్రమునకు ఎన్నడును తెలుపకుడు. కోరు ధర చెప్పి, వచ్చిన బేరములను తెలుపుమని మాత్రము నియోగింపుడు.

3. ధర యొక్కటియే చెప్పిన చాలదు. రకము, తేమ, తూకము, గోతాము, బండి కూలి, సొమ్ము ముట్టు దినము, త్రిప్పి పంపినచో ఖర్చెవరిదో అన్నియు వ్రాయవలెను.

4. వెదకుట, పోల్చుట, లెక్క కట్టుట యంత్రమునకు విడువవచ్చును. “సరే” అనుట మాత్రము మీ చేతిలో నుంచుకొనుడు.

5. యు.పి.ఐ. రహస్య సంఖ్యను మనుష్యునకు గాని యంత్రమునకు గాని చెప్పరాదు. సొమ్ము మీకు వచ్చునప్పుడు ఆ సంఖ్య కొట్టనక్కరలేదు. కొట్టుమని యడుగువాడు మోసగాడే.

6. వచ్చిన ప్రతి బేరమును, వచ్చిన వేళను చూపు లెక్క అడుగుడు. తుది ధర మాత్రమే చూపు యంత్రము తువాలు కప్పిన చేయి.

సంఘము చేయదగిన పని

ఒక్క రైతు పై షరతులన్నియు అడిగినచో యాప్ వారు వినరు. “ఇష్టమైనచో వాడుము, లేనిచో మానుము” అందురు. నూరుగురు రైతులు ఒక్క మాటగా అడిగినచో వినక తప్పదు. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు పెద్దలు కనుగొన్న సూత్రమిదియే. అప్పునకు పనికివచ్చిన ఐకమత్యము యంత్రమునకు మాత్రము పనికిరాదా?

2022 జూనులో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. కంప్యూటరు బల్లమీద నున్నంత మాత్రమున మేలు కలుగదు. సభ్యుల సరుకును రకముల వారీగా ఏర్చి, పెద్ద లాట్లుగా కట్టి, సంఘము తానే యొక యంత్ర దళారిని నియోగించినయెడల, దాని యజమాని రైతే యగును. దాని లెక్కలు కార్యదర్శి యొద్ద నుండును. సభ్యుడెవరు వచ్చి యడిగినను చూపవచ్చును. విత్తనములు, ఎరువులు, గోతాములు కొనుటలో దీనిని మొదట ప్రయత్నించుట మంచిది. కొనుటలో పొరబడినచో కొంత సొమ్ము పోవును. అమ్ముటలో పొరబడినచో ఏడాది కష్టము పోవును.

మరియొక మాట మరువరాదు. ఎంతటి యంత్రమైనను కల్లములో మిరపకాయల నెండబెట్టదు. తేమ నూటికి 10, 11 పాళ్లకు దింపి, తాలుకాయ నేరి, బూజు తగులకుండ కాపాడినవానికే మంచి బేరమాడు హక్కుండును. చెడ్డ సరుకునకు మంచి దళారి దొరికినను ఒక్క సంవత్సరమే.

ఇక ఆ సభ్యునకు జవాబు. అయ్యా, ఆ యాప్ వారికి మీరడిగిన ప్రశ్నలనే నేనును వ్రాసి పంపితిని. కమీషను లేదని ముమ్మారు చెప్పిరిగాని, జీతమెవరిచ్చుదురో ఒక్కసారియు చెప్పలేదు. కావున మీ టిక్కీల సంఖ్యను దానికి తెలుపవచ్చునుగాని, మీ కనిష్ఠ ధరను మీ మనస్సులోనే యుంచుకొనుడు. వచ్చు సమావేశమునకు తక్కిన మిరప రైతులను కూడ వెంటబెట్టుకొని రండు. మన దళారి మనుష్యుడు కావలెనో, యంత్రము కావలెనో యందరము కలిసి తేల్చుకొందము. ఎవరైనను కానిండు, వాని యజమానులము మనమే కావలెను.